మేలుకొలుపు మాట

*హెచ్చరిక యను పదము బెదిరింపునకు మారుపేరైపోవుచున్న ఈ దినములలో, అది ఏ అర్థముతో పుట్టెనో, మన వాకిళ్లలో ఏ ప్రేమతో మెలగెనో, మన తీరమున ఎన్ని ప్రాణములకు కావలి కాచెనో ఒకమారు తలచుకొందము.*

వానకాలపు ఉదయమున వార్తాపత్రిక తెరచినవారికి ఒకే పుటలో రెండు శీర్షికలు ప్రక్కప్రక్కనే కనబడుట అరుదైన సంగతి కాదు. గోదావరి పోటెత్తినందున ధవళేశ్వరము వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయినదని ఒకటి. గడువులోపల బకాయిలు చెల్లింపనివారిపై కఠినచర్యలు తప్పవని అధికారులు హెచ్చరించిరని మరియొకటి. మొదటిదానిని చదివిన లంకవాసి గొడ్లను విప్పుకొని గట్టెక్కును. రెండవదానిని చదివిన గృహస్థు గుండె చిక్కబట్టుకొని కూర్చుండును. ఒకటి ప్రాణము నిలుపుటకు పలికిన మాట, రెండవది భయము పుట్టించుటకు పలికిన మాట. ఐనను రెండింటికిని నేడు మన భాషలో పేరొక్కటియే. చేయి పట్టి లేపు మాటయు, వ్రేలు చూపి బెదిరించు మాటయు ఒక్క పదమున ఎట్లు ఇమిడినవి? నిజముగా ఇమిడినవా, లేక ఒకటి రెండవదాని యింట జొరబడి యజమానియై కూర్చున్నదా? ఈ సందేహము నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది. దానికి సమాధానము వెదకికొనుచు నిఘంటువు మొదలుకొని నది గట్టు వరకును, రాజసభ మొదలుకొని మా యింటి అరుగు వరకును నడచిన నడకయే ఈ వ్యాసము.

పదము పుట్టిన తావు

హెచ్చరిక యనగానే దానికి 'హెచ్చు' అను మాటతో చుట్టరికమున్నట్లు తోచును. గొంతు హెచ్చించి చెప్పునది గనుక హెచ్చరికయైనదని ఊహించువారును ఉండవచ్చును. దాని పుట్టినిల్లు అది కాదు. మన నిఘంటువులలో ఎచ్చరిక యను రూపమును కలదు. పొరుగున కన్నడమునకు పోయినచో ఎచ్చర యనగా మెలకువ, ఎచ్చరికె యనగా జాగరూకత. నిద్రనుండి లేచిన కన్నడిగుడు ఈనాటికిని తనకు 'ఎచ్చరవాయితు' అనియే చెప్పుకొనును. తమిళులు ఎచ్చరిక్కై యందురు. కావున హెచ్చరించుట యనగా మొదట నిద్రించువానిని లేపుటయే. తక్కిన అర్థములన్నియు ఆ మెలకువ నీడలో మొలచినవే.

ఇంతకంటె వింతయైన విషయ మొకటి కలదు. ఈ అర్థమునకై మన భాష నాలుగు వాకిళ్లనుండి మాటలను తెచ్చుకొన్నది. ఏ వాకిట విచారించినను లోపలనుండి వచ్చు సమాధానము దాదాపుగ ఒక్కటియే. సంస్కృతమునుండి వచ్చిన జాగ్రత్త యను మాటకు మూలము మేలుకొని యుండుట; శివరాత్రినాటి జాగరణయు, వేదాంతులు చెప్పు మూడవస్థలలో మొదటిదైన జాగ్రదవస్థయు దాని తోబుట్టువులు. పారసీకమునుండి వచ్చిన హుషారునకు మూలము స్మృతి కలిగి యుండుట, తెలివిలో నుండుట. కోటబురుజు మీద రాత్రి పహరావాడు పారాహుషారని కేకవేసినప్పుడు తోడి కావలివానిని కునుకు తీయవద్దనియే కోరెను. అదే మాట నేడు తెలంగాణమున చురుకైన పిల్లవానికి విశేషణమై, కోస్తాలో ఉత్సాహమునకు పర్యాయమై స్థిరపడినది. ఖబర్దారనగా సమాచారము కలవాడని అర్థము. తెలిసి మెలగుమని చెప్పుట. ఏమరకు మని మన అచ్చతెనుగు చెప్పును. మరపు అనెడి నిద్రలోనికి జారవద్దని దాని భావము.

ఎచ్చరికలో మెలకువ, జాగ్రత్తలో మెలకువ, హుషారులో తెలివి, ఖబర్దారులో ఎరుక! వేర్వేరు దేశములలో, వేర్వేరు కాలములలో పుట్టిన ఈ మాటలలో ఒక్కదానికిని పుట్టుకయందు భయము లేదు, దండన లేదు. మెలకువగానున్న ఒక మనిషి, మెలకువ తప్పిన మరియొక మనిషిని ప్రక్కన నిలిచి తట్టుటయే వీటన్నింటిలోను కనబడు చిత్రము.

రాజు ముందర, రాముని ముందర

నేడు హెచ్చరిక పైవాడు క్రిందివానికి చేయునదిగా మారినది గాని, ఒకప్పుడు అది క్రిందివాడు పైవానికి చేయునదియే. రాజు కొలువునకు బయలుదేరినప్పుడు బెత్తములు పట్టిన సేవకులు ముందు నడచుచు హెచ్చరిక పలికెడివారు. సభలోనివారికి రాజు రాకను తెలుపుటయు, అడుగు చూచి వేయుమని రాజునకు మనవి చేయుటయు ఆ కేకయందే కలిసి యుండెను. బహుపరాక్ అను కేకయు అట్టిదే. పరాకు అనగా నిత్యవ్యవహారమున ఏమరుపాటు. అదే మాట సభాద్వారమున ఏమరవద్దని చెప్పు కేకయైనది. రోగము పేరును మందునకు పెట్టిన చందమున నున్న ఈ ప్రయోగమును తలచినప్పుడెల్ల నాకు మన భాష మీద అబ్బురము కలుగును. తెల్లవారుజామున రాజును మేలుకొలుపు వైతాళికుల పేరునే ముద్దుకృష్ణ 1935లో తాను కూర్చిన నవ్యకవితాసంకలనమునకు పెట్టెను. ఒక తరమును మేలుకొలుపు కవులకు అంతకంటె తగిన పేరు దొరకదు.

ఈ కేక రాజసభనుండి దేవుని సన్నిధికి చేరినప్పుడు దాని కాఠిన్యమంతయు కరగి సంగీతమైనది. కావేరి యొడ్డున తిరువయ్యారున తెలుగులో రాముని కొలిచిన త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలో హెచ్చరికయే పల్లవిగా గల కీర్తన యదుకుల కాంభోజిలో నున్నది. లోకములను రక్షించువానిని, అడుగు పదిలముగా వేసికొని రమ్మని భక్తుడు వేడుకొనును. జగద్రక్షకునకు జాగ్రత్త చెప్పుటలో తర్కము లేదు. ప్రేమకు ఆ తర్కముతో పనియు లేదు. తన బిడ్డ ఎంతటి వాడైనను గడప తగులునని తల్లి చెప్పకమానునా?

వివాహవేదికపై శుభముహూర్తమున పురోహితుడు సావధాన యని పలుకును. అవధానమనగా చిత్తమును నిలుపుట. దానినే ఎనిమిదిమంది పృచ్ఛకుల నడుమ నిలిపిచూపు విద్యను అష్టావధానమని తెలుగువారు ఒక కళగా పెంచుకొనిరి. మహారాష్ట్రమున సమర్థ రామదాసును గూర్చి ఒక కథ చెప్పుదురు: పెండ్లిపీటలపై ఆ సావధాన శబ్దము చెవినిబడినంతనే అది తన జీవితమునకే చెప్పిన హెచ్చరికగా గ్రహించి, ఆయన తెర దాటి వెడలిపోయెనట. వేనవేల పెండ్లిండ్లలో అందరును వినిన మాటయే అది. మేలుకొనినవాడు మాత్ర మొక్కడు. హెచ్చరిక పలుకువాని గొంతులో సగము, వినువాని చెవిలో సగము ఉండునని ఆ కథ చెప్పుచున్నది.

వాకిటి మాట

రాజసభలు పోయినవి; బెత్తములవారు పోయినారు. హెచ్చరిక మాత్రము మన ప్రతి యింటి గడప మీదను నిలిచియే యున్నది. ఊరికి బయలుదేరినవానితో తెలుగిల్లాలు పలుకు కడపటిమాట జాగ్రత్త యనునదియే. తెలంగాణమున 'పైలం బిడ్డా' అందురు. రాయలసీమలో 'జోపానం' అందురు. కోస్తాలో 'భద్రం', 'పదిలం' అందురు. ఏ ప్రమాదము నుండి జాగ్రత్త? ఏమి చేసినచో భద్రము? అది చెప్పువారికిని తెలియదు, వినువారును అడుగరు. తోడు రాలేని మనస్సు తనకు మారుగా ఒక మాటను తోడు పంపుచున్నది, అంతియే. డబ్బును పెట్టెలో దాచుటను సైతము జాగ్రత్త చేయుట యందుము. విత్తనములను పదిలపరచుట యందుము. విలువైనదానికే మనము జాగ్రత్త చెప్పుదుము.

మన వ్యాకరణములోనే ఈ వాత్సల్యమునకు ఒక గూడు కలదు. తడిసిన మెట్ల మీద పరుగెత్తు పిల్లవానితో తల్లి 'జారేవు!' అనును, పొయ్యి దగ్గరకు పాకు పసిదానితో 'చెయ్యి కాలేను!' అనును, బడికి పోవువానితో 'పలక మరిచిపోయేవు!' అనును. జారెదవు, కాలెడిని, మరచిపోయెదవు అను ప్రాచీన రూపముల సంతతియే ఇవి. జరుగబోవుదానిని చెప్పుటకు 'జారుతావు', 'కాలుతుంది' అను మాటలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, ఆ పాతరూపము తక్కిన చోటుల చాలవరకు సడలిపోయి, బిడ్డను వారించు పెద్దల నోట మాత్రము చెక్కుచెదరక నిలిచినది. 'జారుతావు' అనునది జోస్యము. 'జారేవు' అనునది హెచ్చరిక. మొదటిది నిజము కావచ్చును, కాకపోవచ్చును. రెండవది అబద్ధము కావలెననియే కోరి పలికినది. తాను చెప్పినది జరుగకూడదని తపించుచు చెప్పు జోస్యము లోకమున ఇదియొక్కటియే. దీనికి చివర 'సుమా' యను రెండక్షరములు చేరినచో ఇక దానిలో కోపమునకు చోటే యుండదు.

గట్టు మీది రాత్రి

నేను హెచ్చరికను కన్నులార చూచిన రాత్రి యొకటి కలదు. 1986 ఆగస్టు నెల. ఆ వరదలో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల కెక్కెననియు, ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సాగిపోయెననియు పెద్దయైన పిమ్మట చదివి తెలిసికొన్నాను; అప్పటికి నేను తండ్రి చేతి లాంతరు వెలుగులో నడచు బాలుడను. మాది గోదావరి పాయల నడుమనున్న చిన్న లంకయూరు. మధ్యాహ్నమునకే నీరు ఎఱ్ఱబారి, అరటితోటల మొదళ్లను తాకినది. చీకటిపడు వేళకు గ్రామసేవకుడు డప్పు కొట్టుచు వీధివీధి తిరిగి, ఏరు పెరుగుచున్నదనియు, రాత్రికి రాత్రి అందరును గట్టెక్కవలెననియు చాటెను. జనులు గొడ్ల పలుపులు విప్పిరి. ధాన్యపు బస్తాలను అటకలెక్కించిరి. మూటలు కట్టుకొని కదలిరి.

చాటింపు ముగిసినది, తన విధిని ఆతడు నెరవేర్చినట్లే. ఐనను వీధి చివర పెంకుటింటి యెదుట ఆతడు ఆగిపోయెను. అందులో ఒంటరిగానున్న ముసలమ్మకు వినికిడి లేదు. ఆ సంగతి ఊరందరికిని తెలియును, ఆ క్షణమున జ్ఞాపకము వచ్చినది ఆతనికి మాత్రమే. ఊరి పెద్దకులముల యిండ్ల గడప దాటుట ఆతడు పుట్టి బుద్ధెరిగినది మొదలు ఎరుగడు, దాటనిచ్చినవారును లేరు. ఆ రాత్రి డప్పును అరుగు మీద పెట్టి, మోకాలి లోతు నీటిలో గడప దాటి లోపలికి పోయి, నులకమంచము కోడును గట్టిగా కుదిపెను. ఆమె కదలలేదు. అప్పుడు భుజము పట్టి లేపెను.

"మామ్మగారూ! లెగండి! ఏరొచ్చేసిందండి. లెగండి మామ్మగారూ!"

ఆమె కన్నులు తెరచి, లాంతరు వెలుగులో ఆతని ముఖమును, ఆ వెనుక నీటిని చూచి, ఒక్క మాటయు అడుగక రెండు చేతులును చాచెను. మా తండ్రియు ఆతడును కలిసి ఆమెను మంచముతోనే గట్టు మీదికి చేర్చిరి. తెల్లవారునప్పటికి ఆ యింటి కప్పు మాత్రమే నీటి పైన కనబడుచుండెను.

వీధిలో ఆతడు చాటినది సమాచారము. ఇంటిలో ఆతడు పలికినది హెచ్చరిక. డప్పు మ్రోగుటతో హెచ్చరిక పూర్తి కాదు. కన్ను తెరచుటతో పూర్తియగును. ఎచ్చర యను మూలార్థమును ఏ నిఘంటువును చూడక పూర్వమే ఆతడు 'లెగండి' అను ఒక్క మాటలో నాకు బోధించెను. కులము కట్టిన కట్టుబాటులన్నియు వరదనీటి ముందర ఎంతపాటివో కూడ ఆ గడప మీదనే నాకు తెలిసినది. మనము ఊరి అంచున నిలిపినవాడే ఊరికి మెలకువయై నిలిచెను.

తీరపు కావలి

ఒక్క మనిషి చేసిన పనిని ఒక దేశము చేయవలసి వచ్చినచో ఎంత కాలము పట్టునో మన సముద్రతీరపు చరిత్ర చెప్పును. 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక తుఫాను ధ్వంసము చేసెను. నెల తిరుగక మునుపే, నవంబరు 1న, మచిలీపట్టణము మీదికి సముద్రము వచ్చిపడి సుమారు ముప్పదివేల మందిని పొట్టనబెట్టుకొనెను. ఆ జంట విపత్తుల తరువాతనే, 1865లో, కలకత్తా రేవున తుఫానుసంకేతము లెత్తు పద్ధతి ఆరంభమైనది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడినది. నేడు మన వార్తలలో వినబడు ప్రమాద హెచ్చరికల వెనుక ఆ మచిలీపట్టణపు మృతుల ఋణ మున్నదని మనలో ఎందరము తలచుకొందుము?

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు పదివేల ప్రాణములను బలిగొన్నది. తుఫాను వచ్చుచున్నదను మాట రేడియోలో వినబడకపోలేదు. కాని రేడియో గల యిండ్లెన్ని, వినినవారు పోదమన్నను తలదాచుకొనుటకు ఎత్తైన కట్టడము లెన్ని, పదునైదు పదునారడుగుల నీటిగోడ ఊళ్ల మీదికి నడచివచ్చునని ఊహింపగలిగినవా రెందరు? డప్పు మ్రోగినది గాని భుజము పట్టి లేపినవారు లేకపోయిరి. పదమూడేండ్ల తరువాత, 1990 మే 9న, అంతకు తీసిపోని తుఫాను ఇంచుమించుగ ఆ తీరమునే తాకినప్పుడు, లక్షన్నరకు పైబడిన జనమును ముందుగానే తరలించిరి. మృతులు వెయ్యిలోపుననే ఆగినారు. ఆ వేయిమంది కొరకు దుఃఖింపవలసినదే. బ్రతికియున్నవారిని కూడ ఆ లెక్కలో చూడవలసినదే. హెచ్చరిక సాధించిన విజయమునకు ఆనవాలు కనబడదు. జరుగని చావునకు సమాధి యుండదు గదా!

రేవులలో ఎగురవేయు సంఖ్యలను గూర్చి కొంత చెప్పవలెను. ఏలయనగా ఒకటి మొదలు పది వరకు అవి తీవ్రతకు మెట్లని మాత్రమే మనము తలచుచున్నాము. ఒకటి రెండు సంఖ్యలు దూరసముద్రమున పుట్టిన ప్రమాదమును తెలుపును. మూడు నాలుగు రేవునకే గాలివానల బెడద గలదని చెప్పును. ఐదు ఆరు ఏడు ప్రమాదసూచికలు. ఎనిమిది తొమ్మిది పది మహాప్రమాదసూచికలు. తుఫాను రేవును తన ఎడమప్రక్క విడిచి తీరము దాటునా, కుడిప్రక్క విడిచి దాటునా, లేక రేవు మీదుగనో మిక్కిలి చేరువనో దాటునా యను భేదమును బట్టి ఆ మూడేసి సంఖ్యలు మారుచుండును. పగటివేళ శంకువులు, స్తూపములు. రాత్రివేళ ఎఱ్ఱని, తెల్లని దీపములు. అక్షరము రాని జాలరి కూడ కడలిపైనుండి చదువుకొనగలిగిన భాష ఇది.

పదితో ఈ సంఖ్యలు ముగియవు. పదునొకండవది యొకటి కలదు. దాని అర్థము తుఫాను మరింత ఉగ్రమైనదని కాదు. హెచ్చరిక పంపు కార్యాలయముతో సంబంధములు తెగిపోయినవని దాని అర్థము. ఇక ఏమి రానున్నదో చెప్పువారు లేరు. ఎవరి మెలకువ వారిదే. ఆకాశమును చూచి భయపడుటకంటె, చెప్పువారి గొంతు ఆగిపోవుటకే ఎక్కువ భయపడవలెనని గ్రహించి దానికొక సంఖ్యను కేటాయించినవారి వివేకమునకు నేను నమస్కరింతును.

నదుల సంగతియు అట్టిదే. ధవళేశ్వరము వద్ద ప్రవాహము పది లక్షల క్యూసెక్కులకు చేరినచో మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకు రెండవది, పదునేడు లక్షలకు మూడవది. భద్రాచలము వద్ద 43, 48, 53 అడుగులు ఆ మూడింటికిని హద్దులు. గోదావరి సీమలో పెరిగిన బాలునకు ఈ అంకెలు ఎక్కముల వలె నోటికి వచ్చును. భద్రాచలమున నీరెంత యున్నదో వినినంతనే తన యూరి గట్టునకు ఎన్ని గంటలలో ఎంత నీరు వచ్చునో ముసలి రైతు వ్రేళ్లు మడిచి చెప్పగలడు.

వినిన చెవులు, వినని చెవులు

హెచ్చరిక ఎంత స్వచ్ఛమైనదైనను వినకపోవుటకు మనిషికి కారణములు దొరకుచునే యుండును. తుఫాను దారి మళ్లినచో, ఊరకే తమను ఇండ్లు విడిపించిరని నిష్ఠురమాడువారిని ప్రతి తీరగ్రామమునను చూడవచ్చును. మన ఇతిహాసములు ఈ మానవస్వభావమును ముందే చూచినవి. అంతకు కొంచెము మునుపే ఓడి పారిపోయిన సుగ్రీవుడు మరల వచ్చి గర్జించుచున్నాడన్నచో వెనుక అండ యున్నదని తార ఊహించెను. అంగదునకు చారులవలన తెలిసిన వార్తను జతచేసి, పోవద్దని భర్తను ప్రాధేయపడెను. ఆధారమును చూపి, అనుమానమును తర్కముతో నిలిపి, ప్రేమతో చెప్పిన హెచ్చరికకు ఇంతకంటె నిండైన ఉదాహరణము నేనెరుగను. వాలి వినలేదు, పౌరుషము ఆతని చెవులను మూసినది. మారీచుడు రావణునకు చెప్పెను. రామబాణపు దెబ్బ రుచి చూచినవాడు గనుక వణకుచునే చెప్పెను. రావణునకు ఆ మాట పిరికితనముగా తోచినది.

వీరిద్దరికిని భిన్నమైనవాడు బలిచక్రవర్తి. వచ్చిన వటువు ఎవరో, అడిగిన మూడడుగుల వెనుక ఏమున్నదో శుక్రాచార్యుడు స్పష్టముగా హెచ్చరించెను. బలి పూర్తిగా వినెను, పూర్తిగా నమ్మెను. నమ్మియు, ఆడిన మాటకై దానమిచ్చెను. పోతన భాగవతమున ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు తోచునది ఇది: హెచ్చరిక మనిషి స్వేచ్ఛను హరింపదు. కన్నులు తెరిపించి దారిని చూపి, నడకను ఆతనికే విడిచిపెట్టును. కన్నులు మూసికొని పడిన వాలి పతనమునకును, కన్నులు తెరచి తల వంచిన బలి త్యాగమునకును గల దూరమంత విలువ ఒక్క హెచ్చరికకు కలదు.

పేరు నిలిచి అర్థము తొలగిన వేళ

బెదిరింపు ఇట్లు కాదు. అది ఎదుటివాని యెదుట ఒకే దారి నుంచి, తక్కిన దారులను తానే మూసివేయును. ఎరుక గలవాడని అర్థము గల ఖబర్దారు మన నోట ఖబడ్దారై, మీసము మెలివేసి పలుకు మాటగా మిగిలినది. అందువలన మేలుకొనుమని చెప్పు తస్మాత్ జాగ్రత్త, ఉపన్యాసవేదికల మీద ప్రత్యర్థులకు విసరు సవాలైనది. నాయకుడు నాయకుని హెచ్చరించును. యాజమాన్యము ఉద్యోగిని హెచ్చరించును. అప్పిచ్చినవాడు తీసికొన్నవానిని హెచ్చరించును. వీరందరును ఆ పూజ్యమైన పదమును తొడుగుకొని బెదిరించుచున్నారు.

ఏది హెచ్చరిక, ఏది బెదిరింపు అని తేల్చుటకు నేను ఒక చిన్న పరీక్షను పెట్టుకొన్నాను. ఆ మాటను నేను వినినందువలన మేలు కలుగునది ఎవరికి? నాకైనచో అది హెచ్చరిక. చెప్పినవానికైనచో అది బెదిరింపు. ఆ ప్రమాదము రాకున్నచో చెప్పినవాడు సంతోషించునా, నిరాశపడునా? తుఫాను దారి మళ్లినచో వాతావరణశాఖలోని ఉద్యోగి ఊపిరి పీల్చుకొనును. బెదిరించినవాడు తన మాట జరుగకున్నచో చిన్నబోవును. ఈ రెండు ప్రశ్నల ముందర ఏ ముసుగును నిలువజాలదు.

మరియొక అపాయమును కలదు, అది అలవాటు. సిగరెట్టు పెట్టెపై 85 శాతము మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ముద్రింపవలెనని 2016లో నియమము అమలులోనికి వచ్చినది. ఆ బొమ్మను బొటనవ్రేలితో కప్పి పెట్టె తెరచువారిని నేను చూచితిని. ఓటీపీని ఎవరికిని చెప్పవద్దని సెల్‌ఫోను దినమునకు పదిమార్లు చెప్పును. పదునొకండవమారు మోసగాడు అడిగినప్పుడు చెప్పివేయుదుము. 'నాన్నా, పులి!' కథలోని బాలుడు అబద్ధమాడి తన మాటకు విలువ పోగొట్టుకొనెను. నేటి హెచ్చరికలు నిజమే చెప్పుచు, ముఖము లేకపోవుటచేత విలువ పోగొట్టుకొనుచున్నవి. 2023లో విపత్తుల వేళ ప్రతి ఫోనును ఒక్కమారుగా మ్రోగించు సెల్ ప్రసార పద్ధతిని దేశమంతట పరీక్షించి చూచిరి. ఎంతయు మెచ్చదగిన పని. లక్షల డప్పులు ఒక్క క్షణమున మ్రోగినట్లే. ఐనను వినికిడి లేని ముసలమ్మలు ప్రతి వీధి చివరను ఇంకను ఉన్నారు. గడప దాటి లోపలికి పోవు మనిషి పనిని ఏ యంత్రమును తనమీద వేసికొనజాలదు. ఆ పని మనది.

పదునొకండవ సంఖ్య

చదువునకై పట్టణమునకు పోవు రోజులలో తెల్లవారుజాము బస్సునకు నేను బయలుదేరునప్పుడు మా తల్లి లాంతరు పట్టుకొని అరుగు మీద నిలిచెడిది. "జాగ్రత్త నాన్నా! చేరగానే ఉత్తరం రాయి" అనెడిది. "అలాగేనమ్మా" అని తలయైనను త్రిప్పక నేను నడచిపోయెడివాడను. ఉద్యోగము వచ్చినను, తల నెరసినను ఆ మాట మారలేదు. ఆమె పోయిన తరువాత మొదటిమారు ఊరునుండి బయలుదేరినప్పుడు, సంచి భుజమున వేసికొని, అలవాటు చొప్పున అరుగు దగ్గర ఒక్క క్షణము ఆగితిని. ఎవరును ఏమియు అనలేదు. మబ్బు లేదు, గాలి లేదు; దారి యంతయు నిర్మలముగ నున్నది. అప్పుడు తెలిసినది నాకు పదునొకండవ సంఖ్య అర్థము.

మొన్న మా అమ్మాయి రాత్రి బస్సునకు బయలుదేరినది. మెట్లు దిగుచున్నదానితో, "తడిగా ఉంది, జారేవు. పదిలం తల్లీ" అంటిని. "ఎన్నిసార్లు చెప్తావు నాన్నా!" అని నవ్వి, తల త్రిప్పకయే వెడలిపోయినది. వీధి మలుపున ఆటో ఎఱ్ఱదీపము కనుమరుగగు వరకు నేను గుమ్మమున నిలిచియుంటిని. ఆమె చేరితినని ఫోను చేయు వరకు ఈ యింట ఒకరు మేలుకొనియుందురు.